మాసిక వేసిన బట్టకు సిగ్గెందుకు?



పత్తి తీతలు మొదలైతే మన ఇళ్లలో క్రిస్మస్ బట్టల మాట కూడా మొదలవుతుంది. ఒడి కట్టుకుని పొద్దంతా వంగి పత్తి తీసిన కూలి ఇంకా చేతికి రాకముందే, అది ఏ బట్టల కొట్టుకు పోవాలో ఇంట్లో నిర్ణయమైపోతుంది. చాలకపోతే గ్రూపు లోను ఉంది, అదీ చాలకపోతే వడ్డీకి ఇచ్చేవాళ్లున్నారు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రార్థన చేయమని నా దగ్గరకు వచ్చే కుటుంబాల్లో కొందరి అప్పు ఎక్కడ మొదలైందో అడిగితే తలొంచుకుంటారు. పిల్లల పండగ బట్టల దగ్గర మొదలైందని చెప్పడానికి నోరు రాదు.

అందుకే ఈసారి ఒక మాట సూటిగా చెప్పదలచుకున్నాను. మన ప్రతి ఇంట్లో కనీసం ఒక బట్ట, ఇంట్లో ఉన్న పాత గుడ్డతో ఇంట్లోవాళ్లు కుట్టినది ఉండాలి. దాన్ని మంచంకింద దాచకుండా పండగ ఆరాధనకు వేసుకొని రావాలి. పాస్టరుగారికి వాక్యం చెప్పడం మానేసి ఈ కుట్టుపనుల గోల ఎందుకు అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. వాక్యంలో కుట్టుపని ఎంత ఉందో చూడండి, తరువాత మాట్లాడుకుందాం.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో దొర్కా కథ అందరికీ తెలుసు. యొప్పే రేవు పట్టణంలో ఆమె చనిపోతే పేతురును పిలిపించారు, ఆయన ప్రార్థిస్తే ఆమె లేచింది. మనం ప్రసంగాల్లో ఎప్పుడూ ఆమె లేవడం దగ్గరకే పరుగెత్తుతాం. కాస్త ముందు ఆగండి. పేతురు మేడగదిలోకి వెళ్లేసరికి విధవరాండ్రు ఏడుస్తూ ఆయనకు ఏం చూపించారు? ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు. ఆమె గొప్పతనం గురించి ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. ఒంటిమీది బట్టే సాక్ష్యం అయింది. ఆ కుట్లలో ఆమె ఎన్ని రాత్రులు దీపం దగ్గర కూర్చుందో ఆ విధవరాండ్రకు తెలుసు.

హన్నా సంగతి చూడండి. బాలుడైన సమూయేలును షిలోహులో దేవుని మందిరంలో విడిచి వచ్చిన తల్లి, ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది (1 సమూయేలు 2:19). కొలత తీసుకోవడానికి పిల్లవాడు దగ్గర లేడు. పోయిన ఏడు వేసిన అంగీని మనసులో పెట్టుకుని, ఈ ఏడు ఎంత ఎదిగి ఉంటాడో ఊహించి కత్తిరించి ఉంటుంది. పిల్లల బట్టలు కుట్టే ప్రతి తల్లికీ ఈ లెక్క తెలుసు. అందుకే గౌను కింద మడతలో నాలుగు వేళ్లు ఎక్కువ వదులుతారు, పక్క కుట్ల లోపల గుడ్డ మిగిల్చి ఉంచుతారు. వచ్చే ఏడు ఆ మడత విప్పితే మళ్లీ సరిపోతుంది. రెడీమేడ్ గౌను లోపలికి తిప్పి చూడండి, విప్పడానికి వేలెడు గుడ్డ కూడా ఉండదు. ఆ బట్ట కుట్టినవాడికి మీ పిల్ల ఎదుగుతుందన్న ఆలోచనే లేదు.

మత్తయి 9:16లో ప్రభువు చెప్పిన మాసిక మాట పట్టుకుని, పాతదానికి అతుకులు వేయకూడదని ప్రభువే చెప్పాడు కదా అని ఒక తమ్ముడు నన్నడిగాడు. ఆ ఉపమానం మాసికలకు వ్యతిరేకం కాదు. మాసిక వేయడం తెలిసిన ఇంట్లో పెరిగినవాడు చెప్పిన మాట అది. ఉతకని కొత్తగుడ్డ పాతబట్టకు అతికితే, మొదటి ఉతుకుకే కొత్తది కుదించుకుపోయి చుట్టూ ఉన్న పాతగుడ్డను లాగేస్తుంది, చిరుగు ఇంకా పెద్దదవుతుంది. మన టైలర్లు జాకెట్టు లైనింగు గుడ్డను ముందు నీళ్లలో తడిపి, ఆరేసి, ఆ తరువాతే కత్తిరిస్తారు. కారణం అదే. నజరేతులో మరియమ్మ ఇంట్లో మాసికలు పడ్డాయి గనుకనే ప్రభువుకు ఆ సంగతి తెలిసిందని నా నమ్మకం. ఒక చిన్న మాట ఇక్కడే చెప్పేస్తాను. పాతబట్టకు పాతగుడ్డతోనే మాసిక వేయండి. లేదా కొత్తగుడ్డను రెండు మూడుసార్లు ఉతికి వేయండి.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. ఆరు గజాల నూలు చీర కట్టి కట్టి నడుమ దగ్గర చీకిపోయినా, కుచ్చిళ్ల లోపలి భాగం, పైట దగ్గరి అంచు గట్టిగానే ఉంటాయి. మంగళగిరి చీరలాంటి అంచు ఉన్న నేతచీర అయితే ఆ అంచును విడిగా కత్తిరించి ఆడపిల్ల లంగాకు కింద వేస్తే కొత్తదానికి తీసిపోదు. మెత్తబడిన భాగం పసిపిల్లల పక్కగుడ్డలకు పనికొస్తుంది. కొత్తగుడ్డలో గంజి, గరుకు ఉంటాయి. వందసార్లు ఉతికిన నూలుగుడ్డకు ఉన్న మెత్తదనం డబ్బు పెట్టి కొనలేం. మన అమ్మమ్మలు పుట్టిన బిడ్డను పాతచీర ముక్కలోనే చుట్టేవారు. దానికి ఏవో నమ్మకాలు కట్టినవాళ్లున్నారు, వాటితో నాకు పనిలేదు. బిడ్డ చర్మానికి మెత్తగా ఉంటుందన్న కారణం ఒక్కటి చాలు.

బొంత గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పనివ్వండి. నాలుగైదు పాతచీరలు మడతలుగా ఒకదానిమీద ఒకటి పరచి, ఉన్నవాటిలో మంచిది పైన వేసి, ముడతలు లేకుండా నలుగురు నాలుగు మూలలూ లాగి పట్టుకుంటే, ఒకరు దబ్బనంతో పెద్దపెద్ద కుట్లు వేసి గుడ్డలు కదలకుండా ఆపుతారు. ఆ తరువాత అంచునుంచి లోపలికి వరసగా సాదా కుట్టు. మా అమ్మ బొంత కుట్టేటప్పుడు ఇరుగు పొరుగు అమ్మలు వచ్చి తలా ఒక వైపు కూర్చునేవారు. ఆ బొంతలో మా నాయనమ్మ చీర ఉంది, మా అమ్మ పెళ్లినాటి చీర ఉంది, చనిపోయిన మా మేనత్త చీర ఒకటి ఉంది. చలికాలం దాన్ని కప్పుకుని పడుకుంటే ఎవరి చీర ఎక్కడుందో చేత్తో తడిమి చెప్పగలిగేవాళ్లం. ఇప్పుడు వీధిలోకి బండి వస్తుంది, పాతచీరలకు స్టీలు గిన్నెలు ఇస్తాడు. ఇచ్చేవాడిది తప్పు కాదు, వాడి పొట్టకోసం వాడు తిరుగుతాడు. అయితే అమ్మ చీర ఇచ్చి తీసుకున్న గిన్నెను చూసి అమ్మను తలచుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసలుగా బతికిన నల్లజాతివారి సంతతి అక్కడి ప్రజలు, మనలాగే గుడికి వెళ్లేవాళ్లు, పత్తి పొలాల్లో పనిచేసినవాళ్లు. అక్కడి ఆడవాళ్లు అరిగిపోయిన పొలం బట్టలతో చలికి బొంతలు కుట్టుకున్నారు. 2002లో ఆ బొంతలను పెద్ద మ్యూజియంలో గోడలకు వేలాడదీసి చూపించారు. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాటితో స్టాంపులు వేసింది. మన బొంతలకు మ్యూజియం రావాలని నేను అడగడం లేదు. మన ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు బొంత దాచేసి దుప్పటి తీయకండి, అంతే.

పాత చొక్కా సంగతి. మిరప కోతలకు వెళ్లే అక్కలు భర్త పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా చీరమీద తొడుక్కుంటారు. కాయ మంట, ఎండ తగలకుండా. అంతకు ముందు వీపు భాగం బాగుండగానే దాన్ని దిండు గలీబుగా మార్చవచ్చు. గుండీల వరస ఉన్న ముందు భాగం, వీపు భాగం ఒకే కొలతకు కత్తిరించి, తిరగవేసి నాలుగు వైపులా కుట్టేస్తే చాలు. గుండీలు విప్పితే దిండు లోపలికి పోతుంది. కాజాలు మళ్లీ కుట్టే పనే లేదు. పాత ప్యాంటు కాలు అడుగున కుట్టేసి, నడుం పట్టీని పిడిగా పెడితే బియ్యానికి, కూరగాయలకు సంచి. ఒక హెచ్చరిక మాత్రం వినండి. పాలిస్టరు చీర సంచులకు, కిటికీ తెరలకు పనికొస్తుంది గాని, పొయ్యి దగ్గర మసిగుడ్డగా వాడవద్దు. నిప్పు తగిలితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. మసిగుడ్డకు నూలే వాడండి. పసిపిల్లలకూ అంతే, పాలిస్టరు చెమట పీల్చదు.

ఇప్పుడు బరువైన మాట. కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దాయనతో ఈ సంగతి మాట్లాడితే ఆయన ముఖం మారిపోయింది. "అయ్యగారూ, మా నాయన ఆసామి ఇంటి పాతబట్టలు కట్టుకుని బతికాడు. కొత్తబట్ట కట్టుకుంటే ఎందుకురా నీకు అన్నవాళ్లున్నారు. మేం గుడికొచ్చాక తెల్లబట్ట కట్టుకున్నాం. మళ్లీ మా పిల్లలకు పాతబట్టలు వేయమంటారా?" అన్నాడు. ఆ మాట తేలిగ్గా తీసుకోకూడదు. మన సంఘంలో చాలామందికి పండగనాటి కొత్తబట్ట ఆడంబరం కాదు, తరతరాల అవమానానికి జవాబు. ఆ తెల్లబట్టను నేను తక్కువ చేయను. కొత్తబట్ట కొనుక్కోగలిగినవారు సంతోషంగా కొనుక్కోండి.

కాని ఆ పెద్దాయనతో చెప్పిందే మీతోనూ చెబుతాను. ఎవరో విడిచి పారేసిన బట్ట, అరుగుకింద నిలబెట్టి పైనుంచి వేసిన బట్ట వేరు. తల్లి తన చీరను తన చేతితో కత్తిరించి తన బిడ్డ కొలతకు కుట్టిన బట్ట వేరు. మొదటిది ఎవరి దయో గుర్తు చేస్తుంది. రెండోదానిలో ఎవరి దయా లేదు. వడ్డీవాడి దయ అసలే లేదు. వారం వారం వాకిట్లోకి వచ్చి గట్టిగా అరిచే వసూలువాడి ముందు నిలబడడంలో ఉన్న అవమానం మాత్రం చిన్నదా? ఆయన ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు.

ఇచ్చేవాళ్లకు కూడా ఒక మాట. బీదలకు ఇమ్మని మన గుడికి మూటలు తెచ్చిపెడతారు. విప్పితే గుండీలు లేని చొక్కాలు, జిప్పు ఊడిన ప్యాంట్లు, ఉతకని చీరలు. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో ఇలా వచ్చిన పాతబట్టలు రోడ్లపక్కన గుట్టలుగా పడి ఉన్నాయి, కట్టుకునేవాళ్లు లేరు. గూంజ్ అనే సంస్థ వాటిని ఏరి, పనికొచ్చేలా చేసింది. నూలుగుడ్డలను శుభ్రం చేసి ఆడపిల్లల నెలసరి గుడ్డలుగా కుట్టించడం వాళ్ల పనుల్లో ఒకటి. ఆ మాట గుడిలో ఎత్తడానికి మనం సిగ్గుపడతాం, మన ఆడపిల్లలేమో ఆ నాలుగు రోజులు బడి మానేస్తారు. యిర్మీయా 38వ అధ్యాయంలో ఎబెద్మెలెకు ఏం చేశాడో చూడండి. బురద గోతిలో ఉన్న ప్రవక్తను పైకి లాగడానికి 30 మంది మనుషులున్నారు, తాళ్లున్నాయి. అవి చాలవా? ఆయన రాజు ఇంట్లో ఖజానా కిందకు వెళ్లి పాత గుడ్డపీలికలు వెతికి తెచ్చాడు. తాడు కోసుకోకుండా చంకల్లో పెట్టుకోమని వాటిని దించాడు. ఇచ్చే బట్ట ఎదుటివాని ఒంటికి ఎక్కడ గుచ్చుకుంటుందో ముందే ఆలోచించినవాడు ఆయన. మీరు మూట కట్టేముందు గుండీ కుట్టండి, ఉతికి మడత పెట్టండి.

మగవాళ్లు ఇదంతా ఆడవాళ్ల సంగతి అనుకుని ఇక్కడిదాకా చదవకుండా ఆపేసి ఉంటారేమో! ఆదికాండము 3వ అధ్యాయంలో అంజూరపు ఆకులు కుట్టింది హవ్వ ఒక్కతే అని లేదు, ఇద్దరూ కుట్టుకున్నారు. పౌలు కొరింథులో అకుల ఇంట డేరాలు కుట్టి బతికాడు. నాకు మిషను తొక్కడం వచ్చు, మా ఇంట్లో గలీబులు నేనే కుడతాను. పాస్టరుగారు మిషను ముందు కూర్చున్నారని నవ్వినవాళ్లున్నారు, నవ్వనివ్వండి. మీ మగపిల్లలకు గుండీ కుట్టుకోవడం, అంచు మడవడం నేర్పండి. రేపు హాస్టల్లో ఉన్నప్పుడు వాడికి పనికొస్తుంది, పెళ్లయ్యాక వాడి భార్యకు పనికొస్తుంది.

ఊళ్లో టైలరు తమ్ముడి గిరాకీ పోతుందని ఒకరన్నారు. ఆయన గిరాకీని రెడీమేడ్ కొట్లు ఎప్పుడో తీసేశాయి. ఇంట్లో కుట్టలేని మెడలు, చేతులు ఆయన దగ్గరకే తీసుకెళ్లండి, కుట్టుకూలి బేరం ఆడకుండా ఇవ్వండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం 3 గంటలకు గుడి వెనక రేకుల షెడ్డులో స్త్రీల కూడిక మిషనును బయట పెడుతున్నాం. పాస్టరమ్మగారు పిల్లల గౌను కత్తిరించడం చూపిస్తారు, నేను దిండు గలీబు చూపిస్తాను. ఉతికి ఆరేసిన పాతచీర ఒకటి, చొక్కా ఒకటి తెచ్చుకోండి. కత్తెర ఉన్నవాళ్లు కత్తెర కూడా తెండి, మా దగ్గర ఉన్నవి రెండే. ఆ పెద్దాయన భార్య తన అత్తగారి చీర పట్టుకుని వస్తానని కబురు పంపింది.