చెవికి తెలుగు, కంటికి తెలుగు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికోసం ఎందరో అక్కడికి వలస వెళ్ళారు. నేడు వారి సంతతి ఇళ్ళలో టీ.వీ., సెల్‌ఫోన్ తెలుగు వినిపిస్తున్నాయి. అది మేలే. అలసివచ్చిన వారికి విశ్రాంతి, పిల్లల చెవికి అమ్మభాష దొరుకుతాయి.

కాని వినడంతోనే అక్షరం రాదు. మాట వచ్చినా చదవడం రాకపోతే, తెలుగు ఆ ఇంట్లో సగమే మిగులుతుంది.

పైగా చదవడంలోని ఆనందం వేరు. తెరమీద మనిషి ముఖాన్ని, గొంతును ఎవరో నిర్ణయించి చూపిస్తారు. పుస్తకంలో వాటిని మనమే ఊహించుకుంటాం. తడబడుతూ చదివినా పుస్తకం విసుక్కోదు, ఎవరూ నవ్వరు.

ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ పేరు వినగానే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ గుర్తుకు వస్తారు. ఆయన అంతటి పండితుడై ఉండి, 1855లో బెంగాలీ పిల్లల కోసం 'వర్ణపరిచయం' అనే అక్షరాల పుస్తకం రాశారు. చదువుకు మొదటి మెట్టు అక్షరమేనని ఆయనకు తెలుసు.

మీరూ రోజుకు అరగంట తెర ఆపి, పుస్తకం తెరవండి. ఒక పేజీ అయినా పిల్లలకు వినపడేలా పైకి చదవండి. అప్పుడు వారి చెవికే కాక కంటికీ తెలుగు అందుతుంది.