నీరు పోసిన మాత్రమున మరమ్మతు ముగియదు

బావిగట్టుమీది పంపునకు నీరు పోసి లోని గాలిని వెడలనంపక మీట నొక్కు రైతు మన ప్రాంతమున నుండడు. ఎంత క్రొత్త పంపైనను కడుపులో గాలి యున్నంతవఱకు రెక్కలు వట్టిగా తిరుగుటయే గాని నీరు పైకి రాదని పిల్లవానికిని దెలియును. ఇంత తెలిసిన మనమే, కారునకో ట్రాక్టరునకో నీటిగొట్టము మార్పించినపుడు, మూత తీసి నీరు నింపి, పని యయినదని మెకానిక్కును సాగనంపుచున్నాము. ఇంజనులో నీటిని త్రిప్పునదియు నట్టి పంపేయని మఱచుచున్నాము. ఈ మఱపు వలన కలుగు నష్టమును గూర్చి సోదర రైతులతో కొంచెము చెప్పదలంచితిమి.

గడచిన సార్వాలో, మేము తిరుగు గ్రామములలో నొకచోట, సంఘపు ట్రాక్టరు దమ్ము చేయుచుండగా రేడియేటరు పైగొట్టము చిట్లెను. మెకానిక్కు వచ్చి అరగంటలో క్రొత్త గొట్టము బిగించెను. మూతి వఱకు నీరు పోసిరి. నారు సిద్ధముగా నున్నది. వంతుకొఱకు నలుగురు రైతులు గట్టుమీద నిలిచియుండిరి. "ఇంక నడుపుము" అన్నవారిలో మేమును ఉంటిమి. డ్రైవరు జాగ్రత్తగలవాడు, వేడిని చూపు ముల్లుమీదనే కన్నుంచెను. ముల్లు లేవలేదు. ఒక గంట గడచునప్పటికి తెల్లని ఆవిరి చిమ్మి ఇంజను నిలిచెను. విప్పి చూడగా హెడ్డు వంగి, గాస్కెట్టు కాలియుండెను. తొమ్మిది దినములు బండి షెడ్డులో నుండెను. ఆ నలుగురి నారును ముదిరిపోయెను. గొట్టపు వెల స్వల్పమే. మా తొందర వెల యెంతో వారే చెప్పవలెను.

నిండుగ నీరు పోసిన ఇంజను ఏల కాలెను? మేము చదివిన మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడు గాజుగ్లాసును బోర్లించి నీటితొట్టిలో ముంచి చూపుచుండెడివాడు. గ్లాసు మునిగినను నీరు దానిని నింపదు. లోని గాలి చోటు విడువదు. ఇంజనులోను అట్లే. నీరు దించి మఱల పోసినపుడు హెడ్డులోని ఎత్తైన మూలలందును, గొట్టముల వంపులందును, థర్మోస్టాట్ క్రిందను గాలి చిక్కుకొనును. థర్మోస్టాట్ సాధారణముగా 80 మొదలు 90 డిగ్రీల వేడికి గాని తెఱచుకొనదు. చల్లని ఇంజనులో అది మూసిన తలుపు. కావున రేడియేటరు మూతి వఱకు నీరు కనబడినను ఇంజను కడుపు నిండినదని నమ్మరాదు.

ఉష్ణమును గొనిపోవు శక్తి గాలికి నీటికంటె 20 రెట్లకు పైగా తక్కువ. గాలి నిలిచిన చోట ఇనుము కాలుచుండును. వేడిని కనిపెట్టు సెన్సారు నీటిలో మునిగియున్నపుడే నిజము చెప్పును. దాని చుట్టును గాలియే యున్నచో ముల్లు క్రిందనే యుండవచ్చును. ఆ దినమున డ్రైవరును మోసపుచ్చినది ఇదియే. నీటి గుడగుడధ్వని వినబడుటయు, కారులో హీటరు పెట్టినను చల్లనిగాలి వచ్చుటయు, ముల్లు ఒక్కసారి ఎగసి మఱల పడుటయు గాలి చిక్కుటకు గుర్తులు.

దీనిని తీయుట కష్టముగాదు. ఓపిక మాత్రము వలయును. ఇంజను పూర్తిగా చల్లాఱిన పిమ్మట, ముందుభాగము ఎత్తుగా నుండునట్లు బండిని ఏటవాలున నిలిపి, బ్రేకు వేసి, వెనుకచక్రములకు రాళ్లు పెట్టవలెను. గాలిమర యున్న ఇంజనైనచో దానిని వదలుచేసి నీటిని మెల్లగా పోయవలెను. మొదట బుసబుసయని గాలి వచ్చి, బుడగలు లేని ధార కట్టిన తరువాత బిగింపవలెను. తరువాత మూత తీసియుంచి, చల్లని ఇంజనును మెల్లగా నడపవలెను. కారైనచో హీటరును పూర్తి వేడికి త్రిప్పవలెను. థర్మోస్టాట్ తెఱచుకొనగానే పైగొట్టము వేడెక్కును, బుడగలు వచ్చును, నీటిమట్టము తగ్గును. తగ్గినంత కొంచెము కొంచెముగా పోయవలెను. బుడగలు నిలిచిన పిమ్మట మూత బిగించి, ఇంజను నాపి, పూర్తిగా చల్లాఱనిచ్చి మఱల మట్టము చూడవలెను. మఱునాటి పనికి ముందు ఇంకొకసారి చూడవలెను. బండితో వచ్చిన పుస్తకమున వేఱు పద్ధతి చెప్పియున్నచో దానినే అనుసరింపవలెను.

ఎంత నడపినను బుడగలు ఆగనిచో అది చిక్కిన గాలి గాకపోవచ్చును. గాస్కెట్టు చెడి సిలిండరులోని వాయువు నీటిలోనికి వచ్చుచుండవచ్చును. అప్పుడు బండిని పనిలోనికి దింపరాదు.

కాలిన ఇంజను మూతను ఎన్నడును తీయరాదు. మూత ఒత్తిడిని పట్టియుంచును గనుక లోని నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక యుండును. మూత తీయగానే ఆవిరియై ముఖముమీదికి ఎగయును. కాలిన ఇంజనులో ఒక్కుమ్మడిగా చన్నీరు పోసినను హెడ్డు పగులవచ్చును. ఉప్పుబోరునీటికి బదులు తయారీదారు చెప్పిన కూలెంటునే వాడుట మేలు. అందు సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యనిది, గుణమున విషము. చిందినదానిని పశువులకును పిల్లలకును అందనీయరాదు, కాలువలో పాఱబోయరాదు.

తప్పంతయు మెకానిక్కులదే యని కొందఱందురు. మే మట్లు అనజాలము. మనము గొట్టమునకు వెల యిత్తుము, బిగించినందుకు కూలి యిత్తుము. గాలి పోవువఱకు ఇంజను ప్రక్కన కూర్చుండిన గంటకు మాత్రము ఏమియు నీయము. పైగా కూర్చుండినవానిని కాలయాపన చేయుచున్నాడని నిందింతుము. అట్టివాడు తొందరపడక యేమి చేయును?

దమ్ముల కాలమున గంటయైనను విలువగలదేయని రైతులు చెప్పుట నిజమే. కాని సాయంకాలము నీరు నింపి, గాలి తీసి, రాత్రి చల్లాఱనిచ్చి, తెల్లవాఱి మట్టము చూచుకొన్నచో పనివేళ పోదు. పగటిపూట చెడినపుడును ఒక గంట ఆగుటయే తొమ్మిది దినములు ఆగుటకంటె మేలు.

కావున యంత్రములు గల సంఘములు రెండు నియమములను ఏర్పఱచుకొనవలెనని మా యభిప్రాయము. నీటిమార్గమున ఏ మరమ్మతు జరిగినను గాలి తీయు గంటకు కూలిని బిల్లులో వేఱుగా చేర్చి చెల్లింపవలెను. చల్లాఱిన పిమ్మట చూచిన మట్టమును, మఱునాటి యుదయపు మట్టమును బండి పుస్తకమున వ్రాసి డ్రైవరు సంతకము చేయువఱకు బండిని వంతునకు పంపరాదు.

ఆ నాడు "నడుపుము" అన్న మాట మా నోటినుండియు వచ్చినది. ఇట్టి మాట మఱియొక గట్టుమీద వినబడకుండుటకై దీనిని వ్రాసితిమి.