‘మన కథ చూపించినారు, అది చాలు’ అనే అన్నలకు



పోస్టు పొడుగైంది, కోపంలో రాసినా. అయినా ఓపిగ్గా చదవండి. నాది శింగనమల దగ్గర ఒక తాండా. హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతాండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

మొన్న రాత్రి రూములో నలుగురం ‘ఆర్ఆర్ఆర్’ పెట్టుకొని చూస్తాండాము. కొమురం భీమ్ వేషం ఎన్టీఆర్‌ది. మల్లి అనే గోండు పాప వేషం వేసిన పాప ఉత్తరాది పాప. మన భీమ్ సినిమాలో మనోళ్ళు యాడ అని అడిగినా. అంతే, సీనియర్ అన్న లేచినాడు. “నీకెప్పుడూ ఏడుపే. కనీసం భీమ్ పేరు ప్రపంచానికి తెలిసింది కదా. నటన అంటే నటన, ఎవరేస్తే ఏమి?”

ఆ ‘కనీసం’ నాకు నిద్ర పట్టనీలేదు.

2023లో ఆస్కార్ స్టేజీ మీద ‘నాటు నాటు’ ఆడినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? ముందు నిలబడి ఆడినోళ్ళలో మనదేశపోళ్ళు లేరని ఎంత గోల చేసినారు! మన పాటకు మనోళ్ళు వద్దా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. అదే ప్రశ్న గోండు బిడ్డ అడిగితే మాత్రం ఏడుపు అయిపోతాది. డ్యాన్సుకైతే రక్తం చూడాల, వేషానికైతే ‘నటన అంటే నటన’. ఇదేం లెక్క అన్నా?

(భీమ్ గోండు, నువ్వు సుగాలి, నీకేమి నొప్పి అని కింద రాసేవాళ్ళు రాస్తారు. ఆ పంచాయితీ ఇంగోసారి పెట్టుకుందాం. తెర మీద మనందరికీ కలిపి ఒకటే గూడెం సెట్టు వేస్తారు.)

ఇది ఈ పొద్దు మొదలైంది కాదు. అహోబిలం కాడ నరసింహస్వామి చెంచుల అల్లుడంటారు. ఆ చెంచు పిల్ల కథ 1943లో ఒకసారి, 1958లో ఇంగోసారి ‘చెంచులక్ష్మి’ పేరుతో సినిమా అయ్యింది. మొదటిదాంట్లో కమలా కొట్నిస్, రెండోదాంట్లో అంజలీదేవి. బాగా చేసినారు, కాదనను. 1990లో తీసి 2010లో గానీ థియేటర్‌కు రాని ‘కొమరం భీమ్’లో భీమ్ వేషం భూపాల్ రెడ్డిది. మనం ఏడుస్తా చూసిన ‘జై భీమ్’లో సినతల్లి, రాజన్న వేషాలు వేసిన లిజోమోల్, మణికంఠన్ ఇరుళోళ్ళు కాదు. ఇంగోమాట. నిజంగా లాకప్పులో చచ్చిపోయిన రాజాకన్ను ఇరుళ మనిషి కాదు, కురవ మనిషి. మన ఎరుకలోళ్ళకు దగ్గరి జాతి. సినిమాలో ఆ జాతే మారిపోయింది.

నటన అంటే నటన అనే మాట నేనూ ఒప్పుకుంటా. ఎన్టీ రామారావు దేవుడు కాకుండానే కృష్ణుడైనాడు. అయితే వాకిలి రెండువైపులా తెరుచుకోవాల కదా? వాళ్ళు భీమ్ వేషం వేస్తే మన పిల్లోడు జమీందారు వేషమో, కలెక్టర్ వేషమో వేయాల. అట్లా వేసిన మనోడి పేరు ఒక్కటి చెప్పమంటే ఆ రాత్రి రూములో ఎవురూ నోరు తెరవలేదు.

ఈ సెమిస్టర్లో మా ఇంగ్లీషు సార్ పెన్‌డ్రైవ్‌లో రెండు పాత అమెరికా సినిమాలు ఇచ్చినాడు. ఫోన్లో ఆపి ఆపి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటా చూసినా. ఒకటి 1939 నాటి ‘గాన్ విత్ ద విండ్’. బానిసలను పెట్టుకున్న దొరల కోసం కన్నీళ్ళు కార్చే సినిమా. నాకు నచ్చలేదు. అయితే అందులో మామీ అనే పనిమనిషి ఉంది. హాటీ మెక్‌డానియల్ వేసింది. ఆమె అమ్మానాయనలు బానిసలుగా పుట్టినోళ్ళు. దొరల బిడ్డ చచ్చిపోయినాక మెట్లెక్కుతా, ఏడుపు దిగమింగుకుంటా, ఆ ఇంట్లో జరిగిందంతా ఇంగో ఆమెకు చెప్తాది. ఆ ఒక్క సీను కోసం మళ్ళీ చూడొచ్చు.

అట్లాంటాలో మొదటి ఆటకు ఆమెను రానీయలేదు. 1940లో ఆస్కార్ ఇచ్చినారు, నల్లజాతిలో అదే మొదటి ఆస్కార్. ఆ హోటల్లోకి నల్లోళ్ళను రానీయరు. నిర్మాత అడుక్కొని పర్మిషన్ తెస్తే, తోటి నటులతో కాకుండా గోడ పక్కన వేరే టేబుల్ కాడ కూర్చోబెట్టినారు. రెండో నల్లజాతి నటికి ఆస్కార్ వచ్చేసరికి 1991. యాభై ఒక్క ఏండ్లు! ‘కనీసం ఒకరికి వచ్చింది కదా’ అని ఆ యాభై ఏండ్లూ ఎంతమంది అనుకున్నారో.

రెండోది ‘ఇంట్రూడర్ ఇన్ ద డస్ట్’, 1949. చేయని హత్య నెత్తినేసుకున్న నల్ల రైతు వేషం హువానో హెర్నాండెజ్ వేసినాడు. బయట గుంపు చంపడానికి కాచుకోనుంటే కూడా తల దించడు. నిర్దోషి అని తేలినాక లాయర్‌కు చిల్లర లెక్కబెట్టి ఇస్తాడు. ఇచ్చి, పోడు. రశీదు కావాలంటాడు. ఆ నటుడి పేరు ఆస్కార్ లిస్టులోకే రాలేదు.

రశీదు అనంగానే నాకు మా దాది గుర్తొచ్చింది. మా నాయన తల్లి. ఆమె వయసులో ఉన్నప్పుడు దగ్గర కొండల్లో ఒక సినిమా షూటింగు జరిగిందంట. తాండాకు లారీ వచ్చింది. పదిమంది ఆడోళ్ళను, వాళ్ళ పెండ్లి ఫేటియాలతో సహా ఎక్కించుకొని పోయినారు. మూడు దినాలు దాది ఆ మద్రాసు డ్యాన్సు అమ్మాయిలకు కుండ నెత్తిన పెట్టుకొని యట్లా తిరగాలో నేర్పింది. నాలుగో దినం ఫేటియాలు విప్పించి వాళ్ళకు తొడిగినారు. మనోళ్ళను మామూలు చీరల్లో వెనకాల నిలబెట్టినారు. చెప్పిన కూలిలో సగం ఇచ్చినారు. కాగితం ముక్క లేదు. ఎప్పుడన్నా ఆ పాట టీవీలో వస్తే దాది వేలు పెట్టి చూపిస్తాది, “అదో, ఆ చెయ్యి నాది.”

ఇది చెప్తే ఆ రాత్రి ఒక తమ్ముడు నవ్వినాడు. “మీ అవ్వ జూనియర్ ఆర్టిస్టా!” అని. నాకు సినిమావాళ్ళ మీదకంటే వీని మీద ఎక్కువ కోపమొచ్చింది. హాటీని కూడా ఆమె జాతి చదువుకున్నోళ్ళే తిట్టినారు, పనిమనిషి వేషాలు వేసి పరువు తీస్తాంది అని. వేరే వేషం ఇచ్చినోడు లేడు. ఇచ్చిన దాంట్లోనే ఆమె పని చూపించింది. తప్పు వేషం రాసినోడిది. మనం వేసినోళ్ళను చూసి సిగ్గుపడతాండాము.

చేయాలంటే అయితాది. మలయాళంలో ‘అయ్యప్పనుం కోషియుం’లో అట్టప్పాడి ఇరుళ అవ్వ నంజియమ్మ సొంత భాషలో పాడింది. 2022లో జాతీయ అవార్డు ప్రకటించినారు. సంగీతం నేర్చుకున్నోళ్ళకు అది అవమానమని గొణిగినోళ్ళూ ఉండారు. అదే సినిమా తెలుగులో ‘భీమ్లా నాయక్’ అయ్యింది. పేరు మన తాండా పేరు, వేషం పవన్ కల్యాణ్‌ది. టైటిల్ పాట మొదట్లో వినపడే గొంతు కిన్నెర మొగులయ్యది. ఎస్టీ కాదు, డక్కలి ఆయన. పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన కూలి పని చేస్తాన్న వీడియో మన ఫోన్లలోనే తిరిగింది.

అందుకే ఒకటి అడుగుతాండా. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాండాలో, గూడెంలో అడగండి. షూటింగుకు ఎవురు పోయినారు, ఏ ఏడు, ఏం ఆడినారు, ఎవురి గుడ్డలు పోయినాయి, ఎంత ఇచ్చినారు. పేర్లతో రాసి ఇక్కడ పెట్టండి. ఫిబ్రవరి 15కి సేవాలాల్ జయంతికి గుత్తి కాడ సేవాగడ్‌కు ఎట్లాగూ వస్తాము కదా, ఆ ముసలోళ్ళను కూడా తోడుకొని రండి. అందరి ముందర వాళ్ళతోనే చెప్పిద్దాం.

నేను మా దాదితో మొదలుపెట్టినా. ఆ సినిమావాళ్ళు మళ్ళీ వస్తే ఏమడుగుతావు అన్నా. డబ్బులంటాదేమో అనుకున్నా. పెట్టెలో నుంచి ఫేటియా తీసి ఒళ్ళో పరిచి, వేలితో తడిమి లెక్కబెట్టింది.

“పదకొండు అద్దాలు రాలిపోయినాయి. అవి అడుగు.”