సంజ చుక్కకు రెండవ ముఖం

పరీక్షలు సమీపించినప్పుడు మన విద్యార్థులు చెవులలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని చదవటం నేడు సాధారణ దృశ్యమైనది. ఏమి వింటున్నావని ఒకరిని అడిగితిమి. "పాట కాదు సార్, చదువుకునేటప్పుడు పెట్టుకునే మ్యూజిక్" అని జవాబు వచ్చినది. ఎవరిదని అడిగితే, "చూడలేదు సార్" అన్నాడు. ఆ జవాబే ఈ వ్యాసానికి ప్రేరణ.

ఇటువంటి సంగీతానికి 'యాంబియెంట్' అని పేరు. పరిసర సంగీతమని మనం చెప్పుకోవచ్చును. 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' అనే రికార్డు ద్వారా ఆంగ్లేయుడు బ్రయన్ ఈనో ఆ పేరును ప్రచారంలోకి తెచ్చినాడు. శ్రద్ధగా వినేవానికి అది రుచించవలెను, పట్టించుకొననివానికి అడ్డు రాకూడదు అన్నది ఆయన ఆశయం. లోకం ఆ ఆశయంలో రెండవ సగాన్ని మాత్రమే స్వీకరించినదని మా అభిప్రాయం. ఇందుకు నిదర్శనంగా అంతకు మూడేండ్ల ముందు, 1975లో, ఆయన గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్‌తో కలిసి వెలువరించిన 'ఈవెనింగ్ స్టార్' అనే రికార్డును తీసుకొందాము.

ఫ్రిప్ 'కింగ్ క్రిమ్సన్' బృందం ద్వారా పేరు పొందినవాడు. ఈనో 'రాక్సీ మ్యూజిక్' బృందంలో సింథసైజర్ వాయించి, 1973లో బయటకు వచ్చినవాడు. వీరి పనితనం సులభంగా గ్రహించదగినదే. రెండు టేపు రికార్డర్లను ఎడంగా ఉంచి, ఒకే టేపును రెండింటి గుండా నడుపుతారు. మొదటి యంత్రం నమోదు చేసిన స్వరాన్ని రెండవది కొన్ని సెకన్ల తరువాత వినిపించి, తిరిగి మొదటిదానికి పంపుతుంది. అక్కడ అది కొత్త స్వరంతో కలిసి మరల నమోదవుతుంది. కనుక వాయించేవాడు తాను ఇంతకుముందు పలికించిన స్వరాన్ని విని, దానికి పొసగేటట్లు తరువాతి స్వరం పలికించవలసి ఉన్నది. తొందరపడి వేసిన అపస్వరమైనా మరల మరల తిరిగి వస్తూనే ఉంటుంది. నోరు జారిన మాట వంటిదే అది.

ఈ పద్ధతిని వీరికి ముందే, 1960 దశకంలో, అమెరికన్ స్వరకర్త టెరీ రైలీ ఉపయోగించినాడు. ఆ రైలీయే 1970లో కిరానా ఘరానాకు చెందిన పండిత్ ప్రాణనాథ్‌కు శిష్యుడైనాడు. ప్రాణనాథ్ గురువు ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్ విలంబిత ఆలాపనకు ప్రసిద్ధుడు. ఒక్క స్వరం వద్ద ఓపికగా నిలిచే విద్య మన దేశానికి కొత్త కాదు.

ఇక అసలు విషయానికి వద్దాము. ఈ రికార్డు మొదటి ముఖాన నాలుగు రచనలున్నవి. 'విండ్ ఆన్ వాటర్', అనగా నీటిపై గాలి, వాటిలో మొదటిది. పేరుకు తగినట్లే మెల్లగా అలలు లేచి అణగుతవి. తరువాత వచ్చే 'ఈవెనింగ్ స్టార్' మరింత ప్రశాంతమైనది. చదువుకొనేవారు, నిద్రపట్టనివారు కోరేది ఈ ముఖాన్నే. రికార్డును తిరగవేస్తే రెండవ ముఖమంతా ఒకే రచన: 'ఆన్ ఇండెక్స్ ఆఫ్ మెటల్స్'. సుమారు 28 నిమిషాలు సాగుతుంది. ఇందులో ధ్వనులు పొరలు పొరలుగా పేరుకొని, క్రమంగా చెదరి, లోహపు రాపిడివలె కరకుదేలి, మనస్సును కలవరపెడతవి. దీనిని పెట్టుకొని ఎవరూ నిద్రపోలేరు.

ఆ కళాకారులు ఈ రెండింటినీ ఒకే పళ్ళెంపై ఎందుకుంచినారు? శాంతి అనేది మత్తు కాదని చెప్పటానికేనని మేము అనుకొంటున్నాము. సంజ చుక్క వెలిగిన తరువాత వచ్చేది చీకటియే కదా! నేడు ఫోనులో మొదటి ముఖాన్ని తుంచుకొని, రెండవదాన్ని దాటవేయటం సులభం. తుంచుకొన్నవారికి దక్కేది సగం సత్యమే. పుస్తకంలో కష్టమైన అధ్యాయాన్ని విడిచి గైడులోని సారాంశాన్ని బట్టీపట్టే విద్యార్థికి దక్కేదీ అంతే.

"ఇది మాకు అర్థం కాదు, మాటలు కూడా లేవు" అని కొందరనవచ్చును. అర్థం కానిదాని ఎదుట అరగంట నిలువగలగటమే విద్యకు తొలి మెట్టు అని మా సమాధానం. సంగీతం విషయంలో మన పెద్దలలో భిన్నాభిప్రాయాలున్నవి. వాటిని మేము గౌరవిస్తాము. ఆ చర్చ ఈ వ్యాసానికి మించినది. అయితే 1111లో పరమపదించిన ఇమాం గజాలీ తన 'ఇహ్యా ఉల్ ఉలూం' గ్రంథంలో వినటానికి గల మర్యాదల కొరకు ఒక ప్రత్యేక భాగమే కేటాయించినారు. సమయం, స్థలం, తోడివారు తగినట్లుండవలెనని, హృదయం హాజరుగా ఉండవలెనని అందు చెప్పినారు. వినటం కూడా ఒక అదబే.

కళాశాల కమిటీవారికి మా విన్నపమొకటి. నెలకొకసారి, సాయంకాలం, గ్రంథాలయంలో ఒక్క గంట 'శ్రవణ గోష్ఠి' ఏర్పాటు చేయవలెను. ఒకనాడు ఆలాపన, ఒకనాడు ముషాయిరా రికార్డు, ఒకనాడు పద్యపఠనం, మరొకనాడు ఇటువంటి విదేశీ రచన వినిపించవచ్చును. ఫోన్లు బయట ఉంచి, మొదటినుండి చివరిదాకా వినటమే నియమం. ఖర్చు స్వల్పం, ఫలం అధికం.

విద్యార్థి మిత్రులారా! చదువుకొనేటప్పుడు చదవండి, వినేటప్పుడు వినండి. సంజ చుక్క అందాన్ని చూచినవారు ఆ వెనుక వచ్చే చీకటికి కూడా కళ్ళు తెరచి ఉంచవలెనని మా ఆకాంక్ష.