బీచ్ రోడ్డు కంటే ముందు మన డొంక రోడ్డు



గత వారం మీ పిల్లల డైరీలో విశాఖ టూర్ అనుమతి పత్రం పెట్టి పంపాం. అందులో చివరి గడి ఇది: ‘బీచ్ రోడ్డులో సైకిల్ తొక్కడానికి మా అబ్బాయిని/అమ్మాయిని అనుమతిస్తున్నాను.’ మీరు సంతకాలు చేసి పంపిన పత్రాలు ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్నాయి. సముద్రానికి సరే అన్నారు, కైలాసగిరికి సరే అన్నారు, సబ్‌మెరైన్‌కూ సరే అన్నారు. సైకిల్ దగ్గరకు వచ్చేసరికి చాలామంది ‘వద్దు’ దగ్గర టిక్కు పెట్టారు. అమ్మాయిల పత్రాల్లో ‘వద్దు’లు మరీ ఎక్కువ.

మీ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. 2022 ఒక్క సంవత్సరంలోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అయినా ఆ టిక్కు విషయంలో మరొక్కసారి ఆలోచించమని అడగడానికే ఈ నాలుగు మాటలు.

ముందు మేం ఎంచుకున్న దారి చెబుతాను. విశాఖలో కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు వెళ్లే ఆర్.కె. బీచ్ రోడ్డు మీద, నడకకు వచ్చేవారి కోసం తెల్లవారుజామున వాహనాలను ఆపేస్తారు. రోడ్డు చదునుగా ఉంటుంది. కుడిచేతి వైపు సముద్రం. దారిలో కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు ఇవతల టీయూ-142 విమానం కనిపిస్తాయి. మొదటిది 2002లో, రెండోది 2017లో మ్యూజియంలయ్యాయి. పార్క్ హోటల్ దగ్గర సైకిళ్లు అప్పగించేసి, కాస్త ముందున్న వుడా పార్కుకు నడిచి వెళ్లి టిఫిన్ చేస్తాం. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి సముద్రం మీద నుంచి గాలి పెరుగుతుంది, రోడ్డు మీదికి బండ్లూ వస్తాయి. అందుకే అంతా ఆలోపే ముగుస్తుంది.

వుడా పార్కు దాటాక అదే తీరం, అదే రోడ్డు. కానీ లెక్క మారిపోతుంది. తెన్నేటి పార్కు, దాని పైన కైలాసగిరి వస్తాయి. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి కొట్టుకొచ్చి ఒడ్డున ఇరుక్కుపోయింది ఆ తెన్నేటి పార్కు దగ్గరే. అక్కడి నుంచి రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బల మీదుగా భీమిలి దాకా వెళ్లే దారి అనుభవం ఉన్న సైకిలిస్టులకు చాలా ఇష్టం. అయితే ఎత్తుపల్లాలుంటాయి, కార్లు వేగంగా పోతుంటాయి, సిటీ బస్సులు ఎక్కడికక్కడ ఆగుతుంటాయి. ఆ దారిలో మన పిల్లలు బస్సులోనే వెళ్తారు. కైలాసగిరి ఘాట్ రోడ్డూ అంతే. అక్కడ ఎక్కడం కష్టమైతే, దిగడం ప్రమాదం.

ఒకే సముద్రం పక్కన ఒక ముక్క పిల్లలకు తగినది, ఇంకో ముక్క తగనిది ఎందుకైంది? ఐదు కారణాలు: ఏ వేళకు వెళ్తున్నాం, ఏ బండ్లు తిరుగుతున్నాయి, రోడ్డు చదునా వాలా, పక్కన ఎవరున్నారు, ఎక్కడ ఆగాలో ముందే తెలుసా. ఈ ఐదింటిలో సముద్రం లేదు, పార్కూ లేదు. అంటే ఈ లెక్క రొంపిచెర్లలోనూ వేసుకోవచ్చు.

పోయినేడాది టూర్‌లో జరిగింది చెబుతాను. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అందరికంటే ముందు దూసుకుపోయాడు. ఉన్నట్టుండి పక్కకు తిప్పాడు, వెనక వస్తున్నవాడు తగిలి ఇద్దరూ పడ్డారు. మోకాళ్లు గీరుకుపోయాయి, అంతే. ‘తిప్పేముందు వెనక్కి చూడొద్దా?’ అని అడిగితే, ‘స్కూటీకి అద్దం ఉంటుందిగా సార్’ అన్నాడు. ఇంటి దగ్గర వాడు రోజూ ట్యూషన్‌కు స్కూటీ మీదే వెళ్తాడట.

అదే రోజు అందరికంటే బాగా తొక్కింది మన రొంపిచెర్ల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి. మలుపు దగ్గర చెయ్యి చాపేది. వేగం తగ్గించి, వెనక్కి చూసి, అప్పుడు తిప్పేది. ఎవరు నేర్పారమ్మా అంటే, ‘పొద్దున్నే పాల కేంద్రానికి క్యాన్ నేనే తీసుకెళ్తాను సార్. వెనక మా నాయనమ్మ నడిచొస్తుంది, తప్పు చేస్తే కేకలేస్తుంది’ అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘క్లాసులో చెప్పకండి సార్’ అని కూడా అంది.

ఆ చివరి మాట నన్ను బాధపెట్టింది. ఇంత ఫీజు కట్టి చదివిస్తూ పిల్లను సైకిల్ మీద పంపితే నలుగురూ ఏమనుకుంటారోనన్న మాట మన ఇళ్లలో ఉంది. ఏడో తరగతి దాటిన అమ్మాయికి సైకిల్ ఎందుకన్న మాటా ఉంది. అబ్బాయికి మాత్రం సైకిల్ వయసులోనే స్కూటీ తాళం చేతికి వస్తోంది.

ఇక్కడ చట్టం ఏమంటుందో కూడా తెలిసుండాలి. 50 సీసీ మించని గేర్లు లేని బండికి 16 ఏళ్లు, మిగతా వాటికి 18 ఏళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. సైకిల్‌కు ‘వద్దు’ అని, స్కూటీకి ఊరుకుంటే మనం ప్రమాదాన్ని తప్పించినట్టు కాదు. పిల్లవాడు రోడ్డును నెమ్మదిగా నేర్చుకునే మెట్టును తీసేసినట్టు.

నెదర్లాండ్స్‌లో ప్రాథమిక పాఠశాల చివరి తరగతుల పిల్లలకు ట్రాఫిక్ పరీక్ష పెడతారు. రాత పరీక్షతో పాటు, నిజమైన రోడ్డు మీద సైకిల్ తొక్కి చూపే పరీక్ష కూడా ఉంటుంది. ఫౌండేషన్ టెస్టులకు, ఒలింపియాడ్‌లకు ఇంత సిద్ధం చేసే మనం, రోజూ దాటాల్సిన రోడ్డుకు ఒక్క గంట కూడా సిద్ధం చేయడం లేదు. అమ్మాయిల సంగతికొస్తే, బీహార్ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లు ఇచ్చింది. దాని ఫలితాన్ని లెక్కగట్టిన పరిశోధకులు, వయసుకు తగిన తరగతిలో చేరిన అమ్మాయిల సంఖ్య 32 శాతం పెరిగిందని తేల్చారు. గుంపుగా సైకిళ్ల మీద వెళ్లే అమ్మాయిలను చూడటం ఊళ్లకు అలవాటైతే, వాళ్ల మీద మాటలూ తగ్గుతాయి.

టూర్‌కు ఇంకా నాలుగు ఆదివారాలున్నాయి. అవి నాకివ్వండి.

మొదటి ఆదివారం సైకిల్‌ను చూడండి. రెండు బ్రేకులూ పడుతున్నాయా? సీటు మీద కూర్చుంటే మునివేళ్లు నేలకు ఆనుతున్నాయా? గంట, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నాయా? పెరిగే పిల్లవాడు కదా అని పెద్ద సైకిల్ కొనకండి. చెప్పులు కాదు, బూట్లు. తలకు హెల్మెట్.

రెండో ఆదివారం దారిని చూడండి. మన వైపు నుంచి పోయే అద్దంకి–నార్కెట్‌పల్లి హైవే వద్దే వద్దు, నరసరావుపేట బస్సు రోడ్డూ వద్దు. సాగర్ కాలువ కట్టలు చూడ్డానికి బాగుంటాయి కానీ, జారితే ఎక్కడానికి పట్టు దొరకదు. పెద్దవాళ్లు తోడున్నా కట్ట మీద తొక్కించకండి. ఊరి లోపలి సిమెంటు రోడ్లు, పొలాలకు పోయే చదునైన డొంకలు చాలు. మీరు ముందు ఒకసారి నడిచి రండి. ఎక్కడ వడ్లో కందులో ఆరబోశారో, ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, పత్తి ట్రాక్టర్లు ఎటు నుంచి తిరుగుతాయో నడిస్తేనే తెలుస్తుంది. మంచు పట్టిన రోజు బయలుదేరకండి, తేలిపోయేదాకా ఆగండి. వేసవిలో మాత్రం ఏడున్నరకల్లా ఇంట్లో ఉండాలి. రెంటచింతల ఎండలకు పేరుపడిన జిల్లా మనది.

మూడో ఆదివారం పిల్లవాణ్ణి తొక్కనివ్వండి. వెనక మీరు ఉండండి. ఎడమవైపు ఉండటం, తిప్పేముందు వెనక్కి చూడటం, చెయ్యి చూపడం, అడ్డరోడ్డు దగ్గర కాలు కింద పెట్టి ఆగడం. ఈ నాలుగే పాఠాలు.

నాలుగో ఆదివారం ఒక కాగితం ఇచ్చి, ఆ దారి మ్యాప్ గీయమనండి. ప్రమాదమున్న మూడు చోట్లను ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టమనండి. దాన్ని సోషల్ ప్రాజెక్టుగా తీసుకుని మార్కులు వేస్తాను. మీకు కనపడని చోటు ఒక్కటైనా వాళ్లకు కనపడుతుంది, చూడండి.

కొత్త అనుమతి పత్రం నాలుగో ఆదివారం మర్నాడు డైరీలో వస్తుంది. అప్పటికీ ‘వద్దు’ అనిపిస్తే నిస్సంకోచంగా అలాగే రాయండి. ఆ పిల్లలు అదే రోడ్డు మీద మాతో నడుస్తారు, ఎవరూ ఒక్క మాట అనరు. ‘సరే’ అనిపిస్తే మాత్రం సంతకం కింద ఒక వాక్యం రాయండి: ‘మా పిల్లవాడితో నేను కూడా వెళ్లి చూశాను.’

పిల్లవాడి మ్యాప్ కూడా దానితోపాటే పంపండి.

— సోషల్ టీచర్, టూర్ ఇన్‌చార్జి