వేగానికి తగిన చోటు

ముందు గాలి అడ్డు లేని కేటీఎం 390 డ్యూక్ వంటి బైకులంటే మన యౌవనస్థులకు ఎంతో మోజు. వేగం కావాలనే బిడ్డ ట్రాక్‌కు వెళ్ళడమే మేలని మా అభిప్రాయం. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన రేస్ ట్రాక్ ఉంది. ట్రాక్ డే నాడు అక్కడ సొంత బండి నడపవచ్చు. అందరూ ఒకే దిశలో వెళ్తారు; ఎదురు లారీ, అడ్డొచ్చే గేదె ఉండవు. అయినా హెల్మెట్, తోలు సూటు, గ్లౌజులు, బూట్లు వేసుకునే దిగుతారు. వేగం రెట్టింపైతే ఛాతీని నెట్టే గాలి నాలుగు రెట్లవుతుంది. మెడ, చేతులు త్వరగా అలసిపోతాయి. అంత భద్రమైన చోటే ఇన్ని జాగ్రత్తలైతే, మన రోడ్డుమీద చెప్పులతో ఆ వేగం తగునా? దేవుడిచ్చిన ప్రాణం ఒక్కటే. హెల్మెట్ పెట్టుకోనిదే బిడ్డకు తాళం ఇవ్వకండి.