దూరవైద్యమును గృహిణియు



జబ్బు చేసినప్పుడు రోగి వైద్యునికడకు పోవలెను, లేదా వైద్యుడు రోగి యింటికి రావలెను. ఇంతకాలము మన మెఱిగిన త్రోవలు ఈ రెండే. నేడు మూడవ త్రోవ యొకటి యేర్పడినది. రోగి తన యూరనే యుండును, వైద్యుడు తన పట్టణముననే యుండును. వారి నడుమ మాటయు, రూపమును, పరీక్షల ఫలితములును ఫోనుమీద ప్రయాణము చేయును. దీనికి టెలిమెడిసిన్ అని పేరు. మనము దూరవైద్యమని పిలుచుకొందము. ఇందలి యంత్రములనుగూర్చి పత్రికలలో విశేషముగా వ్రాయుచున్నారు. రోగి ప్రక్కన కూర్చుండు స్త్రీనిగూర్చి వ్రాయువారు మాత్రము కానరారు. ఆమె లేనిదే యీ వైద్యము నడువదని నా తలంపు. కావున ఈ మాసము ఆ సంగతియే వ్రాయుచున్నాను.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతమును చూడుడు. కామారెడ్డి 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదునుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది. ఆ పట్టణమునకు రైలు గలదు, 44వ జాతీయరహదారి గలదు. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. ఎల్లారెడ్డి దానికి పడమటగా నలుబది కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. అచ్చట రైలు లేదు. అటు మంజీరా, నిజాంసాగరము. ఇటు లింగంపేట, గాంధారి మండలముల పల్లెలు, లంబాడీ తండాలు. తండాలోని యొక యిల్లాలికి గుండెదడయో, కంటిమసకయో కలిగిన దనుకొనుడు. నిపుణుడైన వైద్యుని చూచుటకు నిజామాబాదుకో, నూరు కిలోమీటర్లకు మించిన హైదరాబాదుకో పోవలెను. ఆటో, బస్సు, మరల ఆటో. వెంట నొకరు తోడు రావలెను గనుక ఇద్దరి కూలి పోవును. ఆనాడు బఱ్ఱెపాలు పిదుకువా రెవరు, బడినుండి వచ్చిన పిల్లలకు అన్నము పెట్టువా రెవరు? ఈ లెక్క యంతయు వేసికొని ఆమె, వచ్చే వారము చూతములే యనును. పురుషుని జబ్బునకు ఇంటిల్లిపాదియు కదలుదురు. స్త్రీ జబ్బు వాయిదా పడుచుండును. ఆ వాయిదాను తప్పించుటయే దూరవైద్యము చేయగల గొప్ప మేలు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఈ జిల్లాపై విరుచుకుపడిన వాన సంగతి మీకు జ్ఞాపక ముండును. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్క దినముననే నలుబది సెంటీమీటర్లకు పైగా కురిసినది. జాతీయరహదారి దెబ్బతిన్నది, రైలుపట్టాలక్రింది కట్ట కొట్టుకొనిపోయి బండ్లు నిలిచిపోయినవి. అట్టి దినమున పల్లెలోని బాలెంతకు వైద్యుని మాటయైనను చేరగల త్రోవ ఫోనొక్కటియే. అయితే గాలివానకు కరెంటు పోయినచో ఫోనును మూగవోవును. దూరవైద్యము వచ్చినది గదా, వంతెనలతో పనియేమి యని యెవరైనను అనినచో వారి మాట వినకుడు.

ఇది నిన్నమొన్న పుట్టిన యాలోచనయు కాదు. 1879లో ‘లాన్సెట్’ అను ఆంగ్ల వైద్యపత్రికలో ఒక ముచ్చట వచ్చినది. అర్ధరాత్రి ఒక యింట శిశువునకు దగ్గు హెచ్చినది. శ్వాసనాళమును మూయు ‘క్రూప్’ అను వ్యాధి యేమో యని ఇంటివారు కలవరపడి వైద్యునికి టెలిఫోను చేసిరి. బిడ్డను టెలిఫోనుకడకు ఎత్తిపట్టుడని వైద్యుడు చెప్పి, ఆ దగ్గును చెవియొగ్గి విని, అది క్రూప్ కాదని ధైర్యము చెప్పెను. టెలిఫోను పుట్టి అప్పటికి మూడేండ్లు. తరువాత 1905లో హాలెండు దేశపు లైడెన్ నగరమున ఐంతోవెన్ పండితుడు ఆసుపత్రిలోని రోగి గుండెచలనమును టెలిఫోను తీగమీదుగా కిలోమీటరున్నర దూరమున నున్న తన ప్రయోగశాలకు రప్పించి గీతలుగా గీయించెను. నేడు ఈ.సీ.జీ. యని మన మనునది అదియే.

నాకు మిక్కిలి నచ్చినది ఆస్ట్రేలియా కథ. అచ్చటి యెడారిభూములలో ఇంటికి ఇంటికి నడుమ నూర్ల మైళ్లు. 1928లో విమానవైద్యసేవ ప్రారంభమైనది. మఱుసటి యేడు ట్రేగర్ అను నాతడు కాలితో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోయంత్రమును సిద్ధపఱిచెను. 1942నుండి ప్రతి యింటను ఒక మందులపెట్టె. అందలి సీసాలకు పేర్లు గాక సంఖ్యలు. ఇంటి యిల్లాలు రేడియోలో రోగలక్షణములు చెప్పగా, ఫలానా సంఖ్యగల మందు ఇమ్మని వైద్యుడు చెప్పెడివాడు. చెప్పునది ఆమె, ఇచ్చునది ఆమె, రాత్రంతయు కనిపెట్టుకొని యుండునది ఆమె. వైద్యుడు కంఠస్వరము మాత్రమే.

మన తెలుగునాట ఈ ప్రయత్నము చిత్తూరు జిల్లాలోని అరగొండలో మొదలైనది. పైన చెప్పిన అర్గొండకు పేరులో చుట్టమే గాని, ఊరు వేఱు. అపోలో ఆసుపత్రుల స్థాపకులు డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామ మది. అచ్చటి ఆసుపత్రిలోని దూరవైద్యకేంద్రమును 2000 మార్చి 24న నాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించెను. పల్లెలోని రోగిని మద్రాసులోని నిపుణులు చూచుటకు ఉపగ్రహము తోడ్పడినది. అంబులెన్సును పిలుచు 108 హైదరాబాదున 2005 ఆగస్టు 15న వచ్చినది. ఆరోగ్యసలహా చెప్పు 104 వచ్చినది 2007లో.

ఇప్పుడు దేశమంతట నడుచుచున్న ప్రభుత్వసేవకు ఈ-సంజీవని యని పేరు. ఇది 2019 నవంబరులో మొదలైనది. ఇంటినుండియే వైద్యుని సంప్రదించు మార్గము 2020 ఏప్రిలు 13న, కరోనా దినములలో వచ్చినది. దీనికి రుసుము లేదు. పల్లెలోని ఉపకేంద్రమునకు పోయినచో అచ్చటి నర్సు రక్తపుపోటు, చక్కెర, బరువు చూచి, తెరమీద దూరమున నున్న వైద్యునితో మాటలాడించును. ఆయన వ్రాసిన మందులచీటి అక్కడనే చేతికందును. 2023 ఫిబ్రవరినాటికి ఈ సేవను పొందినవారు పదికోట్లు దాటిరి. అందు మూడుకోట్లకు మించి ఆంధ్రప్రదేశమువారే. రాష్ట్రములన్నిటిలో వారిదే ప్రథమస్థానము. తెలంగాణము సంఖ్య 45 లక్షలు దాటినది. నూటికి 57 మంది స్త్రీలని ప్రభుత్వము ప్రకటించినది. ఆ 57 సంఖ్య చూచి నేను సంతోషించితిని. వాయిదా పడుచున్న జబ్బులు కొన్ని యైనను వైద్యుని చెవిని పడినవి గదా!

ఇక అసలు సంగతి. దూరవైద్యునికి కన్నులు గలవు, చెవులు గలవు; చేతులు మాత్రము లేవు. కంటికి కనబడు జబ్బులు తీగమీద చక్కగా పోవును. చర్మముమీది దద్దు, కంటి లోపలి పొర, గుండెగీతలు ఇట్టివి. ఎల్.వి. ప్రసాద్ నేత్రసంస్థవారు పల్లెలలో నెలకొల్పిన దృష్టికేంద్రములు నడుచుట ఈ కారణముచేతనే; స్థానిక యువతీయువకులకు ఏడాది శిక్షణ యిచ్చి వారిచేత కన్ను పరీక్షింపించి, సందేహమున్నచో చిత్రమును పెద్దవైద్యునికి పంపింతురు. కాని కడుపునొప్పి అట్లు కాదు. ఎచ్చట నొక్కిన నొప్పి, ఎచ్చట గట్టిపడినది అను సంగతి వేళ్లకే తెలియును. రొమ్ములో గడ్డయు అంతే. ఇట్టివానికి ఫోను చాలదు, దవాఖానాకు పోవలసినదే.

ఆ లేని చేతులకు బదులు మన చేతులే. జ్వరము వచ్చినదని చెప్పినంత మాత్రమున వైద్యునికి ఏమియు తెలియదు. ఏనాడు వచ్చినది, ఏ వేళ హెచ్చుచున్నది, థర్మామీటరులో ఎంత యున్నది, మూత్రము పోయుచున్నదా, ఇవి కాగితముమీద వ్రాసికొని ఫోనుముందు కూర్చుండుడు. వాడిన మాత్రల అట్టలు ప్రక్కన నుంచుకొనుడు. ఊరిలోని ఆర్.ఎం.పీ. సూది వేసియున్నచో ఆ మాట దాచకుడు. నాటుమందు మ్రింగించియున్నను చెప్పుడు. వైద్యుడు కోపపడునని వెఱచి దాచిన సూదివలన, మఱల అదే మందు రెట్టింపుగా పడు ప్రమాదము గలదు. చర్మముమీది మచ్చను ఫోటో తీయవలసినచో పగటివేళ కిటికీకడ తీయుడు.

పసిబిడ్డకు దగ్గు, ఎగపోత కలిగినప్పుడు తల్లి చేయవలసిన పని యొకటి కలదు. బిడ్డ ఏడ్వనివేళ, పాలు త్రాగనివేళ చొక్కా పైకెత్తి, గడియారము ముందుంచుకొని, పూర్తిగా ఒక నిమిషము శ్వాస లెక్కింపుడు. సగము నిమిషము లెక్కించి రెట్టింపు చేయకుడు, ఏలయన శిశువుల శ్వాస సమముగా సాగదు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు 50, ఏడాదినుండి ఐదేండ్లలోపు 40. అంతకు చేరినను దాటినను అది వేగశ్వాసము. అది న్యుమోనియా కావచ్చును. దగ్గు చాలనున్నది డాక్టరుగారూ యనుటకంటె, నిమిషమునకు 56 శ్వాసలు అని చెప్పిన తల్లి మాటకు వైద్యుని కడ విలువ యెక్కువ. పదిమాటల పని ఆ యొక్క అంకె చేయును.

శ్వాస తీయునప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నను, బిడ్డ పాలు మానినను, మూర్ఛ వచ్చినను, మత్తుగా పడియున్నను వీడియో సంప్రదింపునకై వరుసలో వేచియుండకుడు. వెంటనే 108ని పిలువుడు. గర్భిణికి తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకలు క్రమ్ముట, ముఖము వాచుట గుఱ్ఱపువాతమునకు ముందుగుర్తులు కావచ్చును. రక్తస్రావమైనను, శిశువు కదలిక తగ్గినను ఆలస్యము తగదు. పాముకాటు, ఛాతినొప్పి, మూతి వంకరపోవుట, పురుగుమందు త్రాగుట, ఇవియు ఇట్టివే. పురుగుమందు విషయమున ఆ సీసాను వెంట తీసికొని పోవలెను.

2020 మార్చి 25న వెలువడిన దూరవైద్య నియమములు మనకు కొన్ని హక్కులు నిచ్చినవి. చీటిమీద వైద్యుని పేరును, రిజిస్ట్రేషను సంఖ్యయు ఉండవలెను. స్వయముగా వచ్చి చూపించుకొనుడని ఆయన ఎప్పుడైనను చెప్పవచ్చును. నేనే వత్తునని మీరును చెప్పవచ్చును. మత్తుమందులజాతి ఔషధములు ఈ మార్గమున వ్రాయరాదు. మీ మాటలు గోప్యముగా నుంచుట ఆయన విధి.

గోప్యమన్నంతనే ఫోను ఎవరిదను ప్రశ్న వచ్చును. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు దేశమున నూటికి 54 మందియే. తక్కినవారికి భర్తదో, కొడుకుదో ఆధారము. కొడుకు ఫోను పట్టుకొని నిలుచుండగా తల్లి తెల్లబట్ట సంగతి యెట్లు చెప్పును? కోడలు తన నెలసరి బాధను మామగారియెదుట యెట్లు విప్పును? తలనొప్పి యని చెప్పి వచ్చివేయును. వైద్యుడు తలనొప్పికే మందిచ్చును. వైద్యమున లోపము లేదు. నిజము గడప దాటలేదు. కావున ఇట్టి జబ్బులకు ఇంటి ఫోనుకంటె ఉపకేంద్రమే మేలని నా యభిప్రాయము. తలుపు వేయుడని నర్సు నడుగుడు; వెంట వచ్చినవారిని బయట కూర్చుండుమనుడు. ఇది అవినయము కాదు. అత్తలైన పాఠకురాండ్రు తామే లేచి బయటికి పోయినచో కోడలికి ఆ మాట యడుగు శ్రమయు తప్పును.

మనోవ్యథ విషయమున మఱియొక సౌకర్యము కలదు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ అను ప్రభుత్వసేవ సంఖ్య 14416. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగున మాటలాడవచ్చును. ప్రసవానంతరము ఊరక ఏడ్పు వచ్చుచున్న బాలెంత, అప్పులబాధతో నిద్రపట్టని రైతుభార్య, భర్త త్రాగుడువలన విసిగిన యిల్లాలు, వీరిలో నెవరైనను పిలువవచ్చును. దీనికి బొమ్మ చూపు ఫోను అక్కరలేదు. మీటల ఫోనైనను చాలును.